పసుపు పెట్టిన ఓటు

ఆ ఏడు కార్తీకంలో మా ఊరి గౌడుల మీద కమిటీ బందు పెట్టింది. కమిటీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ. పేరులో అభివృద్ధి ఉంది కానీ, దాని మాట జవదాటినవాడు ఊళ్ళో బాగుపడ్డది నేను చూడలేదు. కల్లు సీసా ధర తగ్గించమని కమిటీ అడిగింది. చెట్టెక్కేది మేము, జారిపడితే నడుము విరిగేది మాకు, తగ్గించేది లేదని గౌడులు అన్నారు. మర్నాడు పొద్దున్నే చాటింపు అయింది. వాళ్ళ కల్లు ఎవరూ తాగొద్దు. వాళ్ళతో ఎవరూ మాట్లాడొద్దు. వాళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టినా, చాయ్ తాగినా జుర్మానా. గౌడులు పోలీసు స్టేషనుకు పోయారు. పోలీసులు వచ్చి అడిగితే, మేమేం అనలేదు, ఎవరిష్టం వాళ్ళది సారూ అని కమిటీ చేతులు దులుపుకుంది. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి పోలీసులు కూడా ఆ మాటే రాసుకొని వెళ్ళిపోయారు.

మా మామ దశరథం ఆ కమిటీలో మెంబరు. మేము పద్మశాలీలం. మగ్గం మా మామ వాళ్ళ నాన్నతోనే పోయింది, ఇప్పుడు రెండెకరాల పసుపు మీద బతుకు. నేను సిరిసిల్ల ఆడపిల్లను. పవర్‌లూముల మోతలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు గొంతు పెద్దదని మా ఆయన తిరుపతి వేళాకోళం చేస్తుంటాడు. పక్క ఊరి ప్రైమరీ స్కూల్లో టీచరును. బడిలో ఎంత గొంతున్నా, ఆ కార్తీకంలో ఇంట్లో నా గొంతు పెగల్లేదు.

బందు పెట్టిన పన్నెండో రోజున కొమురవ్వ పోయింది.

కొమురవ్వ మా వెనక వాడలో ఉండే గౌడుల పెద్దావిడ. ఆమె, మా అత్తమ్మ నీల ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. నలభై ఏళ్ళుగా ఒకరి వాకిట్లో ఒకరు కూర్చుని ఆకుకూర ఏరుకున్నవాళ్ళు. నా బిడ్డ నవ్య పుట్టినప్పుడు ఇరవై ఒక్క రోజులు పొద్దున్నే వచ్చి, కాళ్ళు బారజాపుకొని, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసింది కొమురవ్వే. నా నడుముకు నూనె రాస్తూ, "టీచరమ్మవైతేంది పిల్లా, నడుములు అందరియి ఒక్కతీర్గనే ఉంటయి" అనేది.

మా దగ్గర ఎవరైనా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కవాళ్ళే వండి తీసుకుపోతారు. ఆ పొద్దున అత్తమ్మ ఎవరితోనూ ఏమీ అనకుండా పెద్ద గంజు పొయ్యి మీద పెట్టింది. బియ్యం కడుగుతుంటే మామ వచ్చి చూశాడు.

"ఎవ్వలకే గన్ని బియ్యం?"

అత్తమ్మ తల ఎత్తలేదు. "చెయ్యి తప్పింది. ఎక్కువ పడ్డయి" అంది.

"నీకెరుకే గద, నేను కమిటీల ఉన్న. జెర నా ఇజ్జత్ జూడు" అని మెల్లగా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కొమురవ్వ కొడుకు నరేశ్ దించిన కల్లు ఇరవై ఏళ్ళు తాగినవాడే.

పాడె మా వాకిటి ముందు నుంచే పోయింది. డప్పు లేదు. డప్పులవాళ్ళను కూడా రానివ్వలేదు. వెల్గటూర్ నుంచి వచ్చిన చుట్టాలు మోశారు. మామ తలుపు మూశాడు. నేను కిటికీ సందులోంచి చూశాను. కొమురవ్వ కోడలు ప్రేమలత వెనకాల నడుస్తోంది. మా తలుపు దగ్గరికి రాగానే ఒక్కసారి తలెత్తి చూసింది. కోపంగా కూడా చూడలేదు. తర్వాత నడిచి వెళ్ళిపోయింది.

నన్ను ఎవరూ పట్టుకోలేదు. తలుపు గొళ్ళెం నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేనే తీయలేదు. ఈ కథలో ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఇది చెప్పుకోవాలి.

వండిన అన్నం గంజులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున అత్తమ్మ దాన్ని బర్రెల కుడితిలో కలిపింది.

తర్వాత వారం పది రోజుల్లో సర్పంచి ఎన్నికలు వచ్చాయి. మా ఊరు బీసీ మహిళకు రిజర్వయింది. కమిటీ పెద్ద పోశం మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, నీలక్కను ఏకగ్రీవం చేద్దామని అందరం అనుకున్నాం అన్నాడు. మామ ముఖం వెలిగిపోయింది. వాళ్ళు వెళ్ళాక ఇంట్లోకి వచ్చి, "నా బతుకుల ఊరోళ్ళు నా కాడికచ్చి ఒక్కటి అడిగింది లేదు. గిప్పుడు ఊరే అచ్చింది, సూసినవా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన్ను చూస్తే నాకు జాలేసింది.

అత్తమ్మ వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది.

"మరి నన్నెవ్వలడిగిండ్రు?" అంది నాతో.

"అద్దని చెప్పు అత్తమ్మా."

"మీ మామ మొఖం జూసినవా? ఎట్ల చెప్పాలె?"

ఏకగ్రీవం కాలేదు. గౌడులు ప్రేమలతతో నామినేషన్ వేయించారు. మా అత్తమ్మకు ఉంగరం గుర్తు వచ్చింది, ప్రేమలతకు కత్తెర. తొలి రోజుల్లో పోశం నవ్వాడు, గౌడుల ఇళ్ళు ముప్పై, ఊరేమో పన్నెండు వందల ఓట్లు అని. నాలుగు రోజులు పోయాక నవ్వడం తగ్గింది. కమిటీ మీద కడుపులో కోపం దాచుకున్నవాళ్ళు అన్ని వాడల్లోనూ ఉన్నారు. పైకి అనరు, అంతే. ఎదురుపడితే ఉంగరమే అంటారు. అత్తమ్మ మెడలో దండ వేసుకొని ఇల్లిల్లూ తిరిగింది. వెనక వాడకు మాత్రం పోలేదు. కమిటీ పోనివ్వలేదని అందరూ అన్నారు. నాకు తెలిసి ఆమెకు పోవడానికి ముఖం చెల్లలేదు.

నాకు ఎన్నికల డ్యూటీ మెట్‌పల్లి అవతల ఒక ఊళ్ళో పడింది. అక్కడా మా ఊళ్ళోనూ పోలింగ్ ఒకటే రోజు. కాబట్టి నా ఓటు పోస్టులో వేయాలి. కోరుట్లలో ట్రైనింగ్ రోజునే ఫారం నింపి, డ్యూటీ ఆర్డరు జిరాక్సు కుట్టి ఇచ్చాను. మా ఊరి నుంచి అట్లా డ్యూటీకి పోయేవాళ్ళం నలుగురం. నాలుగు రోజుల తర్వాత పోస్ట్‌మన్ రాములు సంతకం తీసుకొని కవరు ఇచ్చి వెళ్ళాడు.

ఆ సాయంత్రం దేవుని అల్మారా ముందు కూర్చుని విప్పాను. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"గిండ్ల ఏమేమున్నయే? నాక్కూడ జెప్పు."

గులాబీ కాగితం తీసి చూపించాను. పేర్లు ఉండవు, వరుసగా గుర్తులే. మా వార్డు ఏకగ్రీవం కాబట్టి వార్డు మెంబరు తెల్ల కాగితం లేదు.

"గిది ఓటు. గిదేమో, ఈ ఓటు నేనే ఏసిన అని చెప్పే కాగితం. దీని మీద గెజిటెడ్ సారు ముంగట సంతకం జెయ్యాలె, ఆయన గూడ చేస్తడు. ఓటును ఈ చిన్న కవర్ల బెట్టి అంటియ్యాలె. మళ్ళ చిన్న కవరు, సంతకం కాగితం రెండు గలిపి ఈ పెద్ద కవర్ల బెట్టి పంపాలె. లెక్కబెట్టుడు షురువయ్యేలోపట అందాలె. లేటయితే పక్కకు పారేస్తరు."

"గంత తతంగమెందుకు? ఓటు మీదనే సంతకం జేస్తే అయిపోదా?"

"చేస్తే చెల్లదు. ఓటు మీద గీత ఉండద్దు, మచ్చ ఉండద్దు. ఎవ్వలేసిండ్రో తెలిసేటట్టు ఏమున్నా ఓటు పోయినట్టే."

"అయితే మొగనికి గూడ చెప్పే పని లేదన్నట్టు" అని అత్తమ్మ నవ్వింది. కొమురవ్వ పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. గులాబీ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. ఉంగరం బొమ్మ మీద వేలు ఆనకుండా, కాస్త పైనుంచి చూపించి, "గిది నేనేనా?" అంది.

"నువ్వే."

కాసేపు చూసి, పసుపు డబ్బీ మూత తీసింది. ఉంగరం వేలితో పసుపు తీసి, కాగితం నాలుగు మూలలకూ పెట్టింది. పెండ్లిపత్రికలకు పెడతాం, పిల్లల కొత్త పుస్తకాలకు పెడతాం, కొన్న భూమి కాగితాలకు పెడతాం. దానికీ అట్లాగే పెట్టింది. పెట్టి, రాత్రికి దేవుని ముందే ఉంచి, పొద్దున నాకు ఇచ్చింది. ఆమె పసుపు పెడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మచ్చ ఉండొద్దని అంతకు నిమిషం ముందే చెప్పినదాన్ని. పసుపు మచ్చ అని నాకూ తోచలేదు, ఆమెకూ తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం హైస్కూలు హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళాను. సంతకాలు అయ్యాక ఆయన, "మీరు కానియ్యండి మేడం" అని వరండాలోకి వెళ్ళిపోయాడు. గదిలో నేనొక్కదాన్నే.

మా ఇంట్లో నన్నెవరూ ఓటు ఎవరికని అడగలేదు. వేసిన ఓటును ఫోటో తీసి చూపించమని కొందరి ఇళ్ళలో అన్నారట. మామ ఆ మాట కూడా అనలేదు. అడగాలని ఆయనకు తట్టనే లేదు. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అత్తమ్మ మీద నాకు ప్రేమ లేక కాదు. జ్వరమొస్తే నా తల ఒళ్ళో పెట్టుకునే మనిషి. కానీ ఆమె గెలిస్తే సంతకమే ఆమెది, మాట పోశందే. బందు నడుస్తూనే ఉంటుంది. ఇంకో ముసలమ్మ పోతుంది, ఇంకో పాడె డప్పు లేకుండా మా ముందు నుంచి వెళ్తుంది, నేను మళ్ళీ కిటికీ దగ్గరే నిలబడతాను.

పెన్ను ఉంగరం దగ్గర ఆగింది. చాలాసేపే ఆగింది. వరండాలో హెడ్‌మాస్టరు దగ్గాడు. కత్తెర ఎదురుగా టిక్కు పెట్టి, కాగితం మడిచాను. మడిచేటప్పుడు మూలల పసుపు వేలికి అంటింది. చీర కొంగుకు తుడుచుకున్నాను, అంతే.

కవర్లు అంటించి, దారిలో రాములు కనిపిస్తే ఆయన చేతికే ఇచ్చాను. "అంటే నీలక్క గెలుపు నా సంచిల ఉన్నదన్నట్టు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎట్లా నవ్వానో నాకే తెలియదు.

పోలింగ్ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోయింది. రెండు గంటలకు లెక్కింపు మొదలుపెట్టాం. నా బల్ల మీద కాగితాలు విప్పి, గుర్తుల వారీగా వేరు చేస్తున్నాను. ఒక ఓటు మీద సిరాతో వేలిముద్ర ఉంది. ఎవరో పెద్దమనిషి, ముద్ర వేయకపోతే ఓటు పడదనుకున్నాడు కాబోలు. మా అధికారికి చూపించాను.

"ఓటరును గుర్తుపట్టే మచ్చ మేడం. చెల్లదు" అన్నాడాయన.

చెల్లని వాటి కట్టలో పెట్టబోయి ఆగిపోయాను. నాలుగు మూలల పసుపు అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాగితం నా చేతిలోనే ఉండిపోయింది. పక్కన ఉన్న టీచరు, నీళ్ళు తాగు శ్రీవాణీ అని బాటిల్ ఇచ్చింది.

ఫోన్లు బయట డబ్బాలో ఉన్నాయి. ఫోన్ ఉన్నా ఎవరికి చేయాలి, ఏమని చెప్పాలి? అదే సమయానికి మా ఊరి బడిలో ఆ కవరు విప్పుతూ ఉంటారు. అభ్యర్థి కాబట్టి అత్తమ్మ ఎదురుగానే కూర్చుని ఉంటుంది. నలుగురి చిన్న కవర్లు కలిపేస్తారు, ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆమెకు తప్ప. తన చేత్తో పెట్టిన పసుపును, దాని మీద కత్తెరకు పడ్డ టిక్కును ఆమె చూస్తుంది. ఓటు చెల్లకుండా పోతే నేను చేసిన ఒక్క పనీ చెత్తబుట్టలో పడుతుంది. చెల్లితే ఆమె ముఖం నేను చూడాలి. అసలు ఆ కవరు పోస్టులో తప్పిపోయి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. సిగ్గు లేకుండా అనుకున్నాను. ఆ తర్వాత మూడుసార్లు లెక్క తప్పాను.

సామాన్లు అప్పజెప్పేసరికి పొద్దుపోయింది. తిరుపతికి ఫోన్ చేస్తే, "ఒక్క ఓటుతోని పోయింది" అని పెట్టేశాడు. ఆ రాత్రికి మెట్‌పల్లిలో తోటి టీచరు ఇంట్లో ఉండిపోయి, పొద్దున మొదటి బస్సుకు వచ్చాను.

మామ పొలానికి వెళ్ళిపోయాడు. అత్తమ్మ బర్రెలకు గడ్డి వేస్తోంది. నన్ను చూసి, "పొయ్యి మీద నీళ్ళున్నయి, తానం జెయ్యిపో" అంది. ఎప్పుడూ అనే మాటే. ఆమె గొంతులో ఏమైనా ఉందేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు.

తిరుపతి లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. నేను అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"పోస్టు ఓట్లు ముందుగాల్ల ఇప్పిండ్రు. నాలుగు. అండ్ల ఒకదానికి మూలలకు పసుపున్నది. కత్తెరకు పడ్డది. మన ఏజెంటు హరీశ్ లేసి, గిది చెల్లది, మచ్చున్నది అన్నడు. సారు దాన్ని పక్కకు బెట్టిండు, ఆఖర్ల సూద్దామని. అన్ని లెక్కబెట్టినంక ఎంతొచ్చిందో ఎరుకేనా? అటు ఐదు వందల నలభై ఒకటి, ఇటు ఐదు వందల నలభై ఒకటి."

"మళ్ళ?"

"మళ్ళేంది? పసుపు ఓటు చెల్లకుంటె చీటీలు ఎయ్యాలె. చెల్లితే ప్రేమలత గెలుస్తది. సారు పుస్తకం తిప్పుడు, హరీశ్ ఒర్రుడు, వాళ్ళ ఏజెంటు ఒర్రుడు. అప్పుడు అమ్మ లేసింది. సారూ, ఒక్కసారి నన్ను సూడనియ్యుండ్రి అన్నది. ముట్టద్దమ్మా అంటె, ముట్టను అని వంగి సూసింది. శానసేపు సూసింది. సూసి, ఏమన్నదో ఎరుకేనా? ఇది పసుపు పండే ఊరు సారూ, పసుపంటని చెయ్యి యాడ దొరుకుతది, మీరు ఎవ్వల చేతులన్న సూడుండ్రి, గది మచ్చ గాదు అన్నది. ఓడిపోయేటామెనే చెల్లుతదంటే సారేమంటడు? లెక్కల కలిపిండు. ఎందుకన్నదే అమ్మ గట్ల? నాకు సమజైతలేదు."

నాకు అర్థమైంది. ఆయన పక్కన మంచం మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. డ్యూటీ అలసట అనుకొని ఆయన నా వీపు మీద చేయి వేశాడు.

పగలంతా అత్తమ్మ చుట్టూ తిరిగాను. ఒకసారి వంటింట్లో, "అత్తమ్మా, నేను..." అని మొదలుపెట్టాను. "మిరపకాయలు దంచాలె, రోలు కడుగు" అంది. రోలు కడిగాను.

సాయంత్రం పోశం వచ్చాడు, వెంట కమిటీ వాళ్ళు ఇద్దరు. వాకిట్లో కుర్చీలు వేశాను. మామ పొలం నుంచి అప్పుడే వచ్చి, కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. నేను చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. వంటింటి కిటికీలోంచి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"నీలక్కా, ఒక్క ముచ్చట అడుగుతం. ఊరు నిన్ను నిలబెట్టింది. నువ్వేమో చెల్లని ఓటును చెల్లిపిచ్చి వాళ్ళను గెలిపిస్తివి. ఎందుకు జేసినవు?"

"చెల్లేదాన్ని చెల్లుతదన్న" అంది అత్తమ్మ.

"గా పసుపు ఓటు ఎవ్వలదో నీకెరుకేనా?"

చాయ్ పొంగింది. మంట తగ్గించడానికి నా చేయి కదల్లేదు.

"నాకెట్ల ఎరుక? గంతగనం తెలుసుకోవాలనుంటె నా ఓటు సంగతి చెప్త, ఇను. నేను బూతుల ఏసింది గూడ కత్తెరకే."

నేను గ్లాసుల్లో చాయ్ పోశాను. అత్తమ్మ ఆ మాట నిజంగానే చెప్పిందో, వాళ్ళ చూపు నా మీద పడకుండా తన మీదికి తిప్పుకుందో నాకు తెలియదు. ఇప్పటికీ అడగలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ నిమిషం నేను వంటింట్లోనే ఉండిపోయి ఉంటే అంతటితో అయిపోయేది. తప్పంతా ఆమెదే అయ్యేది, నేను హాయిగా మంచి కోడలిగా మిగిలేదాన్ని.

పళ్ళెం పట్టుకొని బయటికి వచ్చాను.

"పోస్టు ఓటు నాది పోశం మామా. పసుపున్నది నాదే" అన్నాను. గొంతు అనుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది. ఎదురింటివాళ్ళు తలలు తిప్పి చూశారు.

అత్తమ్మ నా వైపు విసుగ్గా చూసింది. "నోరు మూసుకుంటె అయిపోతుండె గదనే" అంది.

పోశం నన్ను పట్టించుకోలేదు. మామ వైపు తిరిగాడు. "ఇన్నవా దశరథం? నీ ఇంట్లనే రెండు. నువ్వేమంటవు జెప్పు. నీకు తెల్వకుంట జేసిండ్రంటె నీ సంగతి వేరే."

మామకు దారి ఇచ్చినట్టే అది. నాకేం తెలియదు, ఆడవాళ్ళు చేశారు అంటే చాలు, ఆయన కమిటీలోనే ఉంటాడు, మా గొడవ ఇంట్లో తేల్చుకుంటాడు. మామ అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని నేల చూస్తూ కూర్చున్నాడు. తిరుపతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మామ నా వైపు చూడలేదు. అత్తమ్మ వైపు చూశాడు. ఆమె కూడా కళ్ళు దించలేదు.

"చాయ్ తాగుండ్రి పోశన్నా, అందుకుండ్రి" అన్నాడు మామ.

నేను పళ్ళెం వాళ్ళ ముందు స్టూలు మీద పెట్టాను. పోశం గ్లాసుల వైపు చూశాడు. పక్కన ఉన్నవాడు అలవాటుగా చేయి చాపబోయి, పోశం ముఖం చూసి వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడే తాగచ్చినం" అన్నాడు పోశం. లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. ముగ్గురూ వాకిలి దాటి వెళ్ళిపోయారు. చాటింపు ఏమీ వేయలేదు. వేయాల్సిన పని కూడా లేదు, ఎదురింటి ఆవిడ అప్పుడే తన వాకిట్లో ఉన్న పిల్లను లోపలికి పిలుచుకుంది.

స్టూలు మీద చాయ్ ఆవిరి పోతోంది. అత్తమ్మ ఒక గ్లాసు తీసి మామ చేతికి ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు. ఇంకొకటి తను తీసుకొని, పోశం లేచి వెళ్ళిన కుర్చీని కాలితో నా వైపు జరిపింది. మామ ముందర నేను ఎన్నడూ కుర్చీలో కూర్చోలేదు.

"కూసో. సల్లారుతున్నది" అంది.